ఇంటి మరమ్మతులకు చేతి పనిముట్లు: ఏవి కొనాలి, ఏం చూసి కొనాలి

కొత్త ఇంట్లో దిగినవారు తొలి నెలల్లో కొనే వస్తువుల్లో నూరు ముక్కల పనిముట్ల పెట్టె ఒకటి. మూత తెరవగానే సాకెట్లు, బిట్లు, పానాలు వరుసగా మెరుస్తూ కనిపిస్తాయి గనుక ఇచ్చిన డబ్బుకు తగిన సరుకు దొరికిందనే తృప్తి కలుగుతుంది. అయితే హైదరాబాద్ ఇళ్ళలో ఏడాది పొడవునా తగిలే చిన్న పనులను గమనిస్తే అవి కారే నల్లా, వదులైన స్విచ్‌బోర్డు, వానాకాలంలో బిగుసుకునే తలుపు, గోడకు తగిలించవలసిన అద్దం, కిర్రుమనే ఫ్యాను, ఊగే కుర్చీ అని తేలుతుంది. వీటికి ఆ నూరు ముక్కల్లో పట్టుమని పది కూడా అక్కరకు రావు. పైగా తప్పనిసరిగా ఉండవలసిన కొన్ని, ఉదాహరణకు మంచి హ్యాక్సా (ఇనుము కోసే రంపం) ఫ్రేము, రసమట్టం (స్పిరిట్ లెవెల్), పెద్ద అడ్జస్టబుల్ స్పానర్, అటువంటి పెట్టెల్లో చాలావరకు ఉండవు. అందువల్ల పెట్టె కొనడం కంటే పని వచ్చినప్పుడల్లా దానికి తగిన ఒక్కో పనిముట్టును మంచి నాణ్యతలో కొనుక్కోవడమే మేలు.

నాణ్యతను ఎక్కడ చూడాలి అన్నది తరువాతి ప్రశ్న. పిడి రంగు, పూత మెరుపు, ముక్కల లెక్క కొనేవారి కంటికోసం చేసినవి. పనిముట్టు పనిని తాకే చోటు వేరే ఉంటుంది: స్క్రూడ్రైవరుకు మొన, పానాకు దవడలు, రంపానికి పళ్ళు, డ్రిల్లు బిట్టుకు అంచు. ఖరీదైన ఉక్కు, సరైన పదును, కొలతలో కచ్చితత్వం అక్కడే అవసరమవుతాయి, తయారీదారు ఖర్చు తగ్గించుకునేదీ అక్కడే. ఆ చోటు దేనిని తాకబోతోందో, అంటే మన గోడ దేనితో కట్టినదో, మన నల్లాల్లో ఏ నీళ్ళు పారుతాయో, మన తలుపు ఏ కర్రో తెలిస్తే ఎంపిక సగం పూర్తయినట్లే.

స్క్రూడ్రైవర్లు

అన్నిటికంటే ఎక్కువగా చేతికి వచ్చేవి, అన్నిటికంటే తక్కువ ఆలోచనతో కొనేవి ఇవే. దుకాణాల్లో స్టార్ అని పిలిచే నాలుగు రెక్కల మొనకు 0, 1, 2, 3 అనే నంబర్లు ఉంటాయి. ఇంటి పనుల్లో అత్యధిక భాగం 2వ నంబరుతో జరుగుతుంది. చిన్న స్క్రూలున్న స్విచ్ ప్లేట్లు, బొమ్మలు, రిమోట్‌ల వంటి వాటికి 1వ నంబరు కావాలి. ఈ రెండూ విడివిడిగా, మంచివి కొనాలి. 2వ నంబరు గాడిలో 1వ నంబరు మొనను పెట్టి తిప్పితే అది లోపల ఆడుతూ గాడి అంచులను అరగదీస్తుంది, ఆ తర్వాత సరైన స్క్రూడ్రైవరు తెచ్చినా ఆ స్క్రూ కదలదు.

స్టార్ లాగే కనిపించే మరో రకం ఉంది. మాడ్యులర్ వంటగది అల్మారాల కబ్జాలలోని స్క్రూ తలను దగ్గరగా చూస్తే ప్లస్ గుర్తు చేతుల మధ్య సన్నని గీతలు మరో నాలుగు కనిపించవచ్చు. అది పోజిడ్రైవ్. దానిని మామూలు స్టార్‌తో తిప్పవచ్చు గానీ, బిగుతుగా ఉన్నప్పుడు మొన జారి పైకి లేస్తుంది. ఇంట్లో అటువంటి అల్మారాలు ఉంటే పోజిడ్రైవ్ 2వ నంబరు ఒకటి వేరుగా తీసుకోవడం మంచిది. అడిగితేనే తప్ప దుకాణదారు దానిని బయటకు తీయడు.

ఫ్లాట్ రకంలో 3 మి.మీ. వెడల్పుది ఒకటి, 6 మి.మీ. ప్రాంతంలో మరొకటి సరిపోతాయి. ఇక్కడ చూడవలసింది మొన ఆకారం. చవక రకంలో మొన గొడ్డలి అంచులా క్రమంగా పలచబడుతుంది గనుక తిప్పే కొద్దీ గాడిలోంచి పైకి తన్నుకు వస్తుంది. మంచిదానిలో చివరి కొద్ది మిల్లీమీటర్ల మేర రెండు ముఖాలూ దాదాపు సమాంతరంగా ఉండి, గాడి అడుగు వరకూ నిండుగా దిగుతాయి. క్రోమ్ వెనేడియం (ఒక రకం గట్టి ఉక్కు) అన్న ముద్ర ఒక్కటే చూసి నమ్మరాదు, ఆ ముద్ర వేయడానికి ఖర్చేమీ కాదు. దుకాణంలోనే ఒక కొత్త స్క్రూ అడిగి తీసుకుని మొనకు తొడిగి చూడాలి. వేలితో కదిపినప్పుడు అది అటూ ఇటూ ఊగకుండా కూర్చుంటే మొనను కొలతకు తగ్గట్టు చేశారని అర్థం. పిడి అరచేతిని నింపేంత లావుగా ఉండాలి, ఎందుకంటే తిప్పే బలం పిడి లావును బట్టి పెరుగుతుంది.

ఒకే పిడిలో కడ్డీని తిరగేసి రెండు మొనలుగా వాడుకునే రకం ప్రయాణానికి బాగుంటుంది గానీ కరెంటు పనికి తగదు. రెడీమేడ్ బల్లలు, మంచాలు బిగించడానికి అలెన్ కీల సెట్టు ఒకటి ఉంటే చాలు. ఆ సామానుతో పాటు వచ్చే ఎల్ ఆకారపు కీ ఒకసారి బిగించడానికి చేసినదే, దాని మూలలు త్వరగా గుండ్రబడతాయి.

కరెంటు పనికి ప్లయర్లు, టెస్టరు

కటింగ్ ప్లయర్ 8 అంగుళాలది, అంటే 200 మి.మీ.ది తీసుకోవాలి. ప్లయర్‌ను మూసి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే దవడల చివరలు కలుసుకోవాలి, కత్తిరించే అంచుల మధ్య వెలుగు చార కనిపించకూడదు. తెరిచి మూసేటప్పుడు కీలు పక్కకు ఊగకూడదు. ఈ రెండు పరీక్షలలో నెగ్గినది ఏ పేరుతో వచ్చినా పనికి వస్తుంది. మన దగ్గర ఎలక్ట్రీషియన్ల చేతుల్లో ఎక్కువగా కనిపించే టపారియా అందుకే నిలిచింది. దీనికి తోడుగా 6 అంగుళాల నోస్ ప్లయర్ కావాలి. ఫ్యాను రాడ్డు బోల్టు జారిపోకుండా దూర్చే చీలిక పిన్ను కాళ్ళను వంచడానికి, తిరిగి నిటారు చేసి లాగడానికి దానికి మించినది లేదు. ఫ్యాను దింపి ఎక్కించినప్పుడు ఆ పిన్ను వంచడం మరవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

వైరు తోలు తీయడానికి ప్లయర్‌ను, కొందరైతే పళ్ళను కూడా వాడుతుంటారు. ప్లయర్ అంచు రాగి తీగను కొద్దిగా కోసినా, ఆ చోట తీగ బలహీనపడి, వంచినప్పుడు తెగుతుంది, లేదా వేడెక్కుతుంది. వైర్ స్ట్రిప్పర్ ఖరీదు తక్కువ, దానికుండే స్క్రూతో తీగ లావుకు తగ్గట్టు ఒకసారి సరిచేసుకుంటే రాగిని తాకదు.

పిడి మీద ఉన్న రంగు తొడుగు విషయంలో చాలామందికి అపోహ ఉంది. ప్రతి ప్లాస్టిక్ తొడుగూ కరెంటు నుంచి కాపాడదు, కొన్ని కేవలం పట్టు కోసం వేసినవి. కాపాడగల పనిముట్టు మీద రెండు త్రిభుజాలు కలిసిన గుర్తు, పక్కన 1000 వోల్టులన్న ముద్ర ఉంటాయి. ఐఈసీ 60900 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించినదానికి ఆ గుర్తు వేస్తారు. ఆ ముద్ర ఉన్నప్పటికీ మెయిన్ ఆపకుండా పని మొదలుపెట్టడానికి అది అనుమతి కాదు.

నియాన్ టెస్టరు ప్రతి ఇంట్లో ఉంటుంది, దాని పరిమితులు మాత్రం కొద్దిమందికే తెలుసు. అందులో ఒక పెద్ద నిరోధకం, చిన్న నియాన్ దీపం ఉంటాయి. మన శరీరం గుండా అతి స్వల్పమైన కరెంటు పారి దీపం వెలుగుతుంది. ఎండపొడ పడే చోట ఆ వెలుగు కనబడకపోవచ్చు, పక్క వైరు ప్రభావంతో ఆపివేసిన వైరులో కూడా మసకగా వెలగవచ్చు, లోపలి దీపం పాడైతే అసలే వెలగదు. కాబట్టి టెస్టరును ముందుగా కరెంటు ఉందని తెలిసిన ప్లగ్గులో పెట్టి చూసి, తర్వాత పని చేయబోయే చోట చూసి, మళ్ళీ మొదటి ప్లగ్గులో చూడాలి. మూడుసార్లూ ఊహించిన ఫలితం వస్తేనే దాని మాట నమ్మాలి. మెయిన్ బోర్డులో రక్షణ స్విచ్చు ఆర్‌సీసీబీ ఉంది కదా అన్న ధీమా కూడా పూర్తిగా సరికాదు. భూమిలోకి కరెంటు కారినప్పుడు అది తెగుతుంది గానీ, ఒక చేయి ఫేజును, మరో చేయి న్యూట్రల్‌ను తాకితే దానికి తేడా తెలియదు.

నల్లాల పని

నగరంలో ఒకే ఇంట్లో ఒక నల్లాలో మంజీరా లేదా కృష్ణా నీళ్ళు, మరో నల్లాలో బోరు నీళ్ళు రావడం మామూలే. బోరు నీళ్ళు, మనం ఉప్పు నీళ్ళు అనేవి, సున్నపు లవణాలు ఎక్కువగా ఉన్నవి. అవి నల్లా మూతి జల్లెడలో, షవర్ రంధ్రాల్లో, మర గాడుల్లో తెల్లటి పొరగా పేరుకుంటాయి. ఇక్కడి నల్లాల పనిలో సగం ఈ పొరతో పోరాటమే. అందుకే బలం కంటే ముందు నిమ్మరసమో వెనిగరో ప్రయోగించాలి. విప్పలేని జాయింటు చుట్టూ దానిలో తడిపిన గుడ్డను చుట్టి కొన్ని గంటలు వదిలితే పొర మెత్తబడి, పానాకు లొంగుతుంది. అయితే క్రోమియం పూత మీద దానిని రాత్రంతా వదిలేయరాదు, పూత మసకబారుతుంది.

పానాల్లో ఒకటే కొనగలిగితే 10 అంగుళాల అడ్జస్టబుల్ స్పానర్ కొనాలి. 8 అంగుళాలది తేలికగా ఉంటుంది గానీ నల్లా కింది పెద్ద నట్ల దగ్గర దాని నోరు చాలదు. కొనేటప్పుడు కదిలే దవడను వేళ్ళతో పట్టి ముందుకు వెనక్కు ఊపాలి. కొద్దిపాటి కదలిక సహజం, కాని అది నోరు వంకరగా తెరుచుకునేంత ఉంటే బలం పెట్టినప్పుడు జారి నట్టు మూలలను కొరికేస్తుంది, చేతి కీళ్ళు గోడకు తగులుతాయి. వాడేటప్పుడు కదిలే దవడ ఉన్న వైపుకు తిప్పాలి, అప్పుడు భారం స్థిరమైన దవడ మీద పడుతుంది. ఈ ఒక్క అలవాటుతో పానా ఆయుష్షు ఎంతో పెరుగుతుంది.

రెండో పనిముట్టుగా వాటర్ పంప్ ప్లయర్ తీసుకోవచ్చు. సింకు కింద ప్లాస్టిక్ నట్లకు అది అనువైనది. పైప్ రెంచ్ మాత్రం ఇనుప పైపులున్న పాత ఇళ్ళకే అవసరం. దాని పళ్ళు క్రోమియం పూతను కొరుకుతాయి, సీపీవీసీ ప్లాస్టిక్ ఫిట్టింగులను పగలగొడతాయి. గోడలోపల ఉన్న ప్లాస్టిక్ ఎల్బో (పైపు వంపు ముక్క) పగిలితే నల్లా వాషర్ పని కాస్తా టైల్స్ పగలగొట్టే పనిగా మారుతుంది. కాబట్టి గోడలోంచి వచ్చే ఫిట్టింగును తిప్పవలసి వస్తే ఒక పనిముట్టుతో లోపలి భాగాన్ని కదలకుండా పట్టుకుని, రెండోదానితో బయటి భాగాన్ని తిప్పాలి. టెఫ్లాన్ టేపును మర చివర మనవైపు ఉండగా గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టాలి, లేకపోతే బిగించే కొద్దీ అది ఊడివస్తుంది.

పనిముట్టు కొనడానికి ముందు ఇంట్లో ఏ రకం నల్లాలు ఉన్నాయో చూడాలి. చాలాసార్లు తిప్పితే ఆగే పాత రకంలో లోపల రబ్బరు వాషర్ ఉంటుంది, దానిని మార్చడం తేలిక. పావు లేదా సగం చుట్టుతో ఆగే కొత్త రకంలో సిరామిక్ పళ్ళేలున్న కార్ట్రిడ్జి ఉంటుంది. దానిని బాగుచేయలేరు, పాతదానిని పట్టుకుపోయి అదే కొలతది తెచ్చుకోవాలి.

గోడ, సుత్తి, డ్రిల్లు

పాతబస్తీలోని పాత ఇళ్ళ రాతి గోడలు, డంగు సున్నం. ఆ తర్వాతి కాలపు ఎర్ర ఇటుక. కొత్త అపార్ట్‌మెంట్లలో గాలి బుడగలతో చేసిన తేలికపాటి సిమెంటు దిమ్మెలు, అంటే ఏఏసీ బ్లాకులు. మరికొన్ని ఎత్తైన భవనాల్లో అల్యూమినియం అచ్చుల్లో పోసిన పూర్తి కాంక్రీటు గోడలు. ఇవన్నీ ఈ నగరంలోనే ఉన్నాయి, ఒక దానికి కుదిరిన పద్ధతి మరొకదానికి కుదరదు. గోడ ఏదో తెలుసుకోవడానికి తేలికైన దారి రంధ్రం నుంచి రాలే పొడిని చూడటం. ఎర్రటి పొడి ఇటుక. తెల్లటి మెత్తని పొడి రాలుతూ బిట్టు సులువుగా దిగిపోతే ఏఏసీ బ్లాకు. బూడిదరంగు పొడి కొద్దికొద్దిగా రాలుతూ బిట్టు మొరాయిస్తే కాంక్రీటు.

సుత్తి 450 నుంచి 500 గ్రాముల బరువున్న క్లా హ్యామర్ చాలు. ఒక చేత్తో తలను, మరో చేత్తో పిడిని పట్టి మెలితిప్పినప్పుడు ఏమాత్రం కదలిక ఉండరాదు. కొట్టే ముఖం నున్నగా, అంచులు కొద్దిగా గుండ్రంగా ఉండాలి. చెక్కలు లేచిన ముఖం నుంచి ఉక్కు ముక్కలు కంటికి ఎగరవచ్చు. కర్ర పిడి చేతికి దెబ్బ తక్కువగా చేరుస్తుంది, విరిగితే మార్చుకోవచ్చు గనుక నా మొగ్గు దానివైపే. కాంక్రీటు మేకులు గట్టిపరిచిన ఉక్కువి గనుక అవి వంగవు, విరుగుతాయి. కళ్ళద్దాలు పెట్టుకోకుండా వాటిని కొట్టరాదు.

డ్రిల్లు చేతి పనిముట్టు కాదుగానీ, దానిని తప్పించుకుని గోడ పని గురించి మాట్లాడలేము. ఇటుక గోడలకు, అక్కడక్కడ తగిలే స్తంభాలకు 500 నుంచి 600 వాట్ల ఇంపాక్ట్ డ్రిల్లు సరిపోతుంది. పూర్తి కాంక్రీటు గోడలున్న ఇంట్లో అది ఒక రంధ్రానికే అలసిపోతుంది, బిట్టు ఎర్రబడుతుంది. అక్కడ రోటరీ హ్యామర్, అంటే ఇంకా బలంగా గుద్దుతూ తిరిగే డ్రిల్లు, కావాలి. ఏడాదికి రెండు మూడు రంధ్రాల కోసం దానిని కొనడం కంటే పనివారిని పిలవడమే లాభం. ఏఏసీ బ్లాకులో హ్యామర్ మీట ఆపి, తిరుగుడుతో మాత్రమే రంధ్రం చేయాలి, స్క్రూ పట్టు కోసం రంధ్రంలో దూర్చే మామూలు చిన్న ప్లగ్గు అందులో నిలవదు గనుక ఆ బ్లాకుల కోసం చేసిన పొడవాటి ప్లగ్గులు అడిగి తీసుకోవాలి. టైలు మీద కూడా పైపొర దాటే వరకు హ్యామర్ వాడకూడదు.

ఏ గోడకైనా స్విచ్‌బోర్డుకు నేరుగా పైన, కింద, పక్కన రంధ్రం చేయకూడదు, ఎందుకంటే ఇటుక గోడల్లో వైర్ల పైపులు ఆ గీతల వెంటే వెళ్తాయి. అచ్చుల్లో పోసిన కాంక్రీటులో మాత్రం పైపులు ఏటవాలుగా కూడా వెళ్ళి ఉండవచ్చు, కాబట్టి బిల్డరు దగ్గర వైరింగ్ పటం ఉంటే అడిగి పెట్టుకోవాలి.

తగిలించే అల్మారా వంకర పోకుండా రసమట్టం ఒకటి కావాలి. దుకాణంలోని బల్ల సమంగా లేకపోయినా దానిని పరీక్షించవచ్చు: ఒకచోట పెట్టి బుడగ ఎక్కడుందో చూసి, అదేచోట కుడి కొన ఎడమకు వచ్చేలా తిప్పి పెట్టాలి. బుడగ బల్లకు అదే వైపున, అంతే దూరంలో నిలిస్తే రసమట్టం సరైనది.

కొలత, రంపం, తలుపు

5 మీటర్ల టేపు ఇంటికి సరిపోతుంది. మీటర్లు, అంగుళాలు రెండూ ఉన్నది కొనాలి, ఎందుకంటే వడ్రంగి సూత్‌లలో (సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) చెబుతాడు, రెడీమేడ్ సామాను మిల్లీమీటర్లలో వస్తుంది. టేపు చివరి కొక్కెం కొద్దిగా ఆడుతుంటే పాడైందని పక్కన పెట్టేవారున్నారు. అది కావాలనే అలా చేసినది. లోపలి కొలత తీసేటప్పుడు కొక్కెం మందం కలవాలి, బయటి కొలతలో కలవకూడదు గనుక సరిగ్గా దాని మందమంత జరుగుతుంది.

హ్యాక్సా బ్లేడుకు అంగుళానికి ఎన్ని పళ్ళో దాని మీదే రాసి ఉంటుంది. ఇనుప కడ్డీలకు, పైపులకు 24 పళ్ళది, పలచని రేకులకు 32 పళ్ళది వాడాలి. పళ్ళ మొనలు ముందుకు చూసేలా బిగించాలి. ఆకురాయి ఒకటి, సగం గుండ్రనిది, ఉంటే చాలు.

జూలై, ఆగస్టుల్లో తలుపు బిగుసుకోగానే చిత్రిక పట్టించాలని తొందరపడతారు. కర్ర తేమ పీల్చి ఉబ్బడం వల్ల అలా అవుతుంది. అప్పుడు ఎక్కువ గీస్తే మార్చి నాటికి సందు తేలుతుంది. ముందు పై కబ్జా స్క్రూలు వదులయ్యాయేమో చూడాలి. రంధ్రం పెద్దదై స్క్రూ పట్టు తప్పితే, ఫెవికాల్ రాసిన అగ్గిపుల్లలను అందులో దూర్చి, ఆరాక మళ్ళీ స్క్రూ బిగిస్తే తలుపు తన చోటికి వస్తుంది. అప్పటికీ రాసుకుంటుంటే రాసుకునే చోట మాత్రమే గరుకు కాగితంతో అరగదీసి, మిగిలిన పని ఎండలు వచ్చేదాకా ఆపాలి. గీసిన అంచుకు వెంటనే పాలిషో పెయింటో వేయాలి, లేకపోతే వచ్చే ఏడాది అదే అంచు నుంచి తేమ దిగుతుంది.

ఎక్కడ కొనాలి

చేతి పనిముట్ల ఎంపిక సికింద్రాబాద్ రాణీగంజ్‌లో విస్తారంగా ఉంటుంది. కరెంటు, నల్లాల సామానుకు కోఠి దగ్గరి ట్రూప్ బజార్ పేరున్నది. దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న కంపెనీదా, లోకల్‌దా అని. దీనికి అన్నిటికీ ఒకే జవాబు ఇవ్వనక్కరలేదు: స్క్రూడ్రైవర్లు, ప్లయర్లు, టెస్టరు, డ్రిల్లు బిట్లు కంపెనీవే తీసుకోవాలి, సుత్తి, హ్యాక్సా ఫ్రేము, పనిముట్ల సంచి లోకల్‌వి అయినా నడుస్తాయి. నకిలీలు ఎక్కువగా ఉన్న పేరున్న వస్తువును బిల్లు ఇచ్చే చోటే కొనాలి.

ఎర్రగడ్డలో ఆదివారం జరిగే సంతలో పాత పనిముట్లు దొరుకుతాయి. పక్కనే సనత్‌నగర్, బాలానగర్ పారిశ్రామికవాడలు ఉన్నాయి గనుక కార్ఖానాల పాత సామాను అక్కడ కనిపించడం వింత కాదు. వైసు (వస్తువును బిగించి పట్టే పనిముట్టు), సుత్తి తల, స్థిరమైన నోరున్న పానాలు పాతవైనా పాడయ్యేవి కావు. దవడల అరుగుదల చూసుకుని బేరమాడవచ్చు. టెస్టరు, టేపు, ఇన్సులేటెడ్ ప్లయర్ మాత్రం అక్కడ కొనరాదు, వాటి లోపం కంటికి కనిపించదు.

ఇంటికి తెచ్చాక బాల్కనీలో ఉంచితే వానాకాలంలో తుప్పు ఖాయం. ఇంట్లో పొడిగా ఉన్న అల్మారాలో పెట్టి, జూన్‌కు ముందు కుట్టుమిషన్ నూనెతో తుడవాలి. కొబ్బరినూనె అంత బాగా పనికిరాదు, చలికాలంలో పేరుకుంటుంది, క్రమంగా జిగురుగా మారి దుమ్ము పట్టిస్తుంది. అదే సమయంలో ప్లయర్ల తొడుగులు కూడా చూసుకోవాలి. చీలిన తొడుగు మీద టేపు చుట్టి కరెంటు పనికి వాడరాదు. అటువంటి ప్లయర్‌ను మేకులు లాగడానికో, పూలకుండీల తీగ వంచడానికో కేటాయించి, కరెంటు పనికి కొత్తది తెచ్చుకోవాలి.